మేస్త్రి చేతి పానా

మా బావ హుసేనప్పకు పని రాదు. ఈ మాట నాది కాదు, ఆయనదే. ఆదోని పత్తి మిల్లులో ఏళ్ళ తరబడి యంత్రాలు విప్పి బిగించిన మనిషిని పట్టుకుని "నీకు ఫిట్టరు పని వచ్చా?" అని ఎవరైనా అడిగితే, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, "నాకేం తెలుసప్పా, మేస్త్రికొస్తాది" అనేవాడు. వినేవాళ్ళు అబ్బ, ఎంత వినయం అనుకునేవాళ్ళేమో. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ వినయం కింద మా అక్క ప్రాణం నలుగుతోందని నాకు తెలుసు మరి.

బావది దేవనకొండ పక్కన ఒక మెట్ట ఊరు. ముందు పుట్టిన బిడ్డలు నిలవకపోతే వాళ్ళమ్మ పీర్లకు మొక్కుకుందట, ఈయన నిలిచాడు, హుసేనప్ప అని పేరు పెట్టారు. వానలు ముఖం చాటేసి కొర్రలు కూడా చేతికి రాని ఏడు, పెళ్ళయిన కొత్తలోనే, మా అక్క భీమక్కను వెంటబెట్టుకుని ఆదోనికి వచ్చాడు. నేను, ఎల్లప్పను, అప్పటికే థర్డ్ ఫారం చదివి ఆదోని పత్తి మండీలో తూకాల దగ్గర గుమాస్తాగా కుదురుకున్నాను. బావకు మిల్లులో పత్తి నింపిన బోరాలు మోసే పని, అక్కకు జిన్ను ముందు కూర్చుని పత్తి అందించే పని నేనే మాట్లాడి పెట్టించాను. మంచి పనే చేశాననుకున్నాను అప్పుడు.

జిన్ను అంటే పత్తిలోంచి గింజనూ దూదినీ వేరుచేసే యంత్రం. తోలు చుట్టిన రోలరు గిరగిరా తిరుగుతుంటుంది. దాన్ని ఆనుకుని ఒక పొడుగాటి కత్తి. రోలరు దూదిని లాక్కుంటుంది, కత్తి గింజను ఆపుతుంది. ఆ కత్తి తోలును ఎంత గట్టిగా ఆనాలన్నదే ఫిట్టరు పనితనమంతా. వదులైతే గింజ చితికి దూదిలో కలుస్తుంది. బిగువైతే తోలు రాపిడికి కాలుతుంది. చుట్టూ దూది గుట్టలుగా పడి ఉన్నచోట తోలు కాలితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. పక్క వీధి మిల్లు ఒకటి అట్లాగే ఒక మధ్యాహ్నం కాలిపోయింది. ఆ గోడలు ఇంకా నల్లగా నిలబడి ఉండేవి.

మా మిల్లులో ఆ కత్తుల మీద అధికారమంతా ఉచ్చీరప్ప మేస్త్రిది. తెల్ల తలగుడ్డ, చెవులకు దుద్దులు, గట్టి గొంతు. బోరాలు మోస్తున్న బావను చూసి ఏం నచ్చిందో ఏమో, ఒకరోజు పిలిచి నూనె డబ్బా చేతికిచ్చాడు. అంతే, ఆ రోజు నుంచి బావ ఆయన చేతికింద మనిషి అయ్యాడు. మేస్త్రి నేర్పించేదంటూ ఏమీ ఉండదు. "సూడు" అంటాడు. మళ్ళీ అడిగితే "సూడమంటి గదా" అంటాడు. బావ చూశాడు. చూసి చూసి నేర్చుకున్నాడు. మొదట నూనె పెట్టడం, తరవాత బోల్టులు విప్పడం, తరవాత కత్తి సానబట్టడం, చివరికి కత్తి బిగించడం దాకా వచ్చాడు. కానీ మేస్త్రి పక్కన నిలబడితేనే.

ఎందుకంటే ఆ మిల్లుల్లో ఒక కట్టుబాటు ఉండేది. శిష్యుడి చదువు అయిపోయిందని గురువు అనుకున్న రోజున, తన పానాను, అదే, బోల్టులు బిగించే పనిముట్టును, అందరి ముందూ తన చేత్తో శిష్యుడి చేతిలో పెట్టి, నోట్లో ఇంత చక్కెర పెడతాడు. ఆ క్షణం నుంచి వాడు ఫిట్టరు. అంతవరకూ వాడెంత పనిమంతుడైనా సరే, "నాకు పని వచ్చు" అని నోరెత్తి అనకూడదు. అన్నాడంటే గురువును కాదన్నట్టే. అట్లాంటివాణ్ణి ఆదోనిలో ఏ మేస్త్రీ తన జిన్ను తాకనివ్వడు. ఉచ్చీరప్పకు కూడా వాళ్ళ గురువు, ఎవరో ముసలి సాయిబు, అట్లాగే ఇచ్చాడట. ఆ పానానే ఈయన నడుముకు ఎప్పుడూ వేలాడుతుండేది.

ఆయుధపూజ ఏటా వస్తుంది, పానా ఇచ్చేది మామూలుగా ఆ రోజే. అక్క తల స్నానం చేసి బావ చొక్కా ఉతికి ఇస్తుంది. బావ పోతాడు, నిలబడతాడు, వస్తాడు. పానా రాదు. "వచ్చే ఏడు ఇస్తాడులే" అంటాడు. ఇట్లా ఎన్ని ఆయుధపూజలు పోయాయో లెక్కపెట్టడం మానేశాను. ముసలాయనకు ఇవ్వాలని లేదని నా నిశ్చయం. ఇస్తే శిష్యుడు పక్క మిల్లుకు పోతాడేమోనని, లేదా ఉన్న మిల్లులోనే తన కుర్చీ లాగేస్తాడేమోనని అనుకుంటాడని నేను బావతో అంటే, "నోరు ముయ్‌రా" అని ఎన్నడూ లేనిది కసిరాడు.

ఈలోగా అక్క దగ్గు మొదలైంది. జిన్ను ముందు కూర్చునే ఆడవాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుంటారు గానీ, ఆ దూది దుమ్ము గుడ్డకు ఆగుతుందా? మొదట పొద్దున లేవగానే దగ్గేది. తరవాత మెట్లెక్కితే దగ్గేది. తరవాత మాట్లాడితే దగ్గేది. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. దగ్గు మొదలైతే నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయేది. అది ఆగేదాకా నాకూ ఊపిరాడేది కాదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి విని, నన్ను పక్కకు పిలిచి, "ఈమెను ఆ దుమ్ములోంచి తీసెయ్యండి. ఇంకొన్ని సీజన్లు కూర్చుంటే మీకు మిగలదు" అంది. తీసెయ్యమంటే ఎట్లా తీసేది? చేతికింద మనిషికిచ్చే కూలితో, మంచం పట్టిన అత్తనూ పెట్టుకుని, ఇల్లు గడవదు. బావ ఫిట్టరైతే తప్ప అక్క ఆ జిన్ను ముందు నుంచి లేవడానికి వీల్లేదు.

అప్పుడే ఎమ్మిగనూరులో కొత్తగా ఒక జిన్నింగ్ మిల్లు పెడుతున్నారని మండీలో మాట పుట్టింది. అక్కడి మేనేజరు పత్తి కొనడానికి మా మండీకి వచ్చినప్పుడు నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన మంచివాడే. "ఫిట్టరు కావాలి, మిల్లు వెనకే ఇల్లు కూడా ఇస్తాం. కానీ పని వచ్చునని నాకు ఎవరు చెప్తారు? వాళ్ళ మేస్త్రి చెప్పాలి, లేదంటే సర్కారు కాయితమైనా ఉండాలి" అన్నాడు. మేస్త్రి చెప్పడు. సర్కారు కాయితం యాడ నుంచి తేవాలి? కొత్త మిల్లు వచ్చే సీజనుకు తెరుస్తారు. ఈలోపల తేలకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. నాకు తిండి సయించడం మానేసింది.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. కొత్త ఆఫీసులు, కొత్త కమిటీలు. బడిలో చదవకుండా మిల్లుల్లో, మగ్గాల దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఎవరి దగ్గర, ఎట్లా, ఎంతకాలం నేర్చుకుంటున్నారో పరిశోధన చెయ్యమని ఒకాయన్ని మా వైపు పంపారు. పేరు వెంకటరామయ్య, గుంటూరు మనిషి. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో గొడుగు. మా మాట ఆయనకు సగం అర్థమయ్యేది కాదు. అందుకని మిల్లు సావుకారు మా మండీలో అడిగి నన్ను ఆయన వెంట తిరగమన్నాడు. తిరుగుతూ తిరుగుతూ నేను అడిగి తెలుసుకున్నాను. చదువు లేకపోయినా పని పూర్తిగా నేర్చినవాళ్ళు కనబడితే, ఆయన కళ్ళతో చూసి సిఫారసు చేస్తే, సర్కారు వాళ్ళకు పనిమంతుడని కాయితం ఇస్తుందట. దేవుడు ఈయన రూపంలో బస్సు దిగాడనుకున్నాను.

ముందు ఎమ్మిగనూరు మగ్గాల వాళ్ళ దగ్గరికి పోయాం. "ఈ పని నీకెవరు నేర్పారు?" అని ఒక నేతగాణ్ణి అడిగాడు. "ఎవరు నేర్పేదేముండాది సార్, నేను పుట్టిందే ఈ మగ్గం గుంత పక్కన" అన్నాడతను. "ఎంతకాలం పట్టింది?" అంటే, "దేనికి సార్?" అని ఎదురడిగాడు. వెంకటరామయ్యగారు కలం పట్టుకుని నా ముఖం చూశాడు. నేను నవ్వాపుకున్నాను. ఆ నవ్వు ఆదోని వచ్చేసరికి ఎగిరిపోయింది.

ఆదోని మిల్లుల్లో చేతికింద మనుషులను వరసగా నిలబెట్టి అడిగాడు. "నీకు పని వచ్చా?" "రాదు సార్." "మరి ఇన్నాళ్ళూ ఏం నేర్చుకున్నావు?" "ఏం నేర్సుకోలేదు సార్, మేస్త్రికొస్తాది." ఒక్కడంటే ఒక్కడు వచ్చునని అనలేదు. మా బావ వంతు వచ్చింది. నేను వెనక నుంచి కళ్ళతో, చేతులతో, చివరికి దణ్ణం పెట్టి కూడా సైగలు చేశాను. బావ నేల చూస్తూ, "నాకేం తెలుసు సార్" అన్నాడు. ఉచ్చీరప్ప మేస్త్రి పక్కనే రాయిలా నిలబడి ఉన్నాడు.

బయటికి వచ్చాక నెత్తీ నోరూ కొట్టుకుని ఆయనకు కట్టుబాటంతా వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "నువ్వు చెప్పేది నిజమే అయి ఉంటుంది ఎల్లప్పా. కానీ ప్రతివాడూ రాదంటుంటే వచ్చునని నేనెట్లా రాసేది? రేపు పొద్దున మళ్ళీ వస్తాను. మీ బావను ఒక్క జిన్ను నా ఎదురుగా బిగించమను. నోటితో చెప్పకపోయినా ఫరవాలేదు, చేత్తో చూపిస్తే చాలు. సాయంత్రం బస్సుకు నేను వెళ్ళిపోతాను" అన్నాడు. అంతకన్నా మంచిమాట ఎవరంటారు?

ఆ సాయంత్రం బావ ఇంటికి వచ్చీ రాగానే పట్టుకున్నాను.

"బావా, ఒక్క జిన్ను. ఒక్కటంటే ఒక్కటి బిగించి సూపించు. నోరు తెరవొద్దులే, ఆ సారు ఒప్పుకున్యాడు."

"మేస్త్రి పానా ఇయ్యలేదు గదరా."

"ఎప్పుడిస్తాడు? నీ గడ్డం నెరిసినాకనా? ఆ ముసలాయన నిన్ను సచ్చేదాకా నూనె డబ్బా మోయిస్తాడు, నువ్వు మోస్తానే ఉంటావు! మొగోనివేనా నువ్వు?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది గానీ, కడుపు మండినవాడి నోటికి అదుపుంటుందా? బావ కోప్పడలేదు. గుమ్మంలో కూర్చుని చాలాసేపు అరచేతులు చూసుకున్నాడు. తరవాత గొంతు తగ్గించి, "ఆయప్పకు కండ్లు కనపడవు ఎల్లప్పా" అన్నాడు.

"ఏమంటివి?"

"పొర కమ్మింది. నిరుటి నుంచే. ఎవురికీ తెలీదు. నా బుజం మీద సెయ్యేసి నడుస్తాడు, సూసేటోళ్ళకు నన్ను తోలుకపోతాండట్ల ఉంటాది. కత్తులు నేనే బిగిస్తా, ఆయప్ప పక్కన నిలబడి అరుస్తాంటాడు. ఇప్పుడు నాకొస్తాదని నేను సూపిస్తే సావుకారు ఏమంటాడు? ఇంగ ఈ ముసలోడు యానికి అంటాడు. ఆ పొద్దే గేటు బయట నిలబెడతాడు. నాకు కూడు పెట్టే పని నేర్పినాయప్ప నోటికాడ కూడు నేనెట్ల తీసేది?"

ఇన్నేళ్ళూ ముసలాయన కుర్చీ గురించి నేనన్న మాటలన్నీ గుర్తుకొచ్చాయి. పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తున్న అక్క చేతిలో పిండిముద్ద అట్లాగే పెట్టుకుని ఇటు తిరిగింది.

"ఆయప్ప కూడు పోతాదని నీకు బయం. నా ఊపిరి పోతాదని బయం ల్యా?"

అంతమాట అనడానికి ఆమె మధ్యలో రెండుసార్లు ఆగి దగ్గాల్సి వచ్చింది. బావ తలెత్తి చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూడటం అదే మొదలు.

"ఉండాది మే. రెండు బయాలూ ఉండాయి. నీ దగ్గు వింటే నా గుండెకాయ ఆగిపోతాది. పొద్దున మేస్త్రి నా బుజం మీద సెయ్యేస్తే మళ్ళా నోరు పెగలదు. నేనేం సేసేది? సెప్పు, ఏం సేసేది?"

రొట్టె మాడిపోయింది. ఎవ్వరమూ సరిగా తినలేదు.

మర్నాడు పొద్దున మండీకి సెలవు చెప్పి మిల్లుకు పోయాను. ఎండ అప్పుడే రేకుల మీద చిటపటలాడుతోంది. జిన్నుల వరస, ఒక్కొక్క దాని ముందూ మూతికి గుడ్డ కట్టుకున్న ఆడమనిషి. మా అక్క గోడవార చివరి జిన్ను దగ్గర కూర్చుని ఉంది. వెంకటరామయ్యగారు వచ్చాడు. సావుకారు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మేస్త్రి మా బావ భుజం మీద చెయ్యి వేసుకుని నడిచి వచ్చాడు. నిన్నటి వరకూ ఆ చేతిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇవాళ ఆ చెయ్యి దారి వెతుక్కోవడం కనిపించింది.

"హుసేనప్పా, ఇందులో ఏదో ఒక జిన్ను కత్తి నువ్వు సర్ది చూపిస్తావా?" అని అడిగాడు వెంకటరామయ్యగారు.

అక్క వైపు చూశాడు. మేస్త్రి వైపు చూశాడు. చేతులు వెనక్కి పోయాయి.

"నాకు రాదు సార్. మేస్త్రికొస్తాది."

అయిపోయింది, ఇంకేముంది, ఎమ్మిగనూరూ పోయింది, ఇల్లూ పోయింది, అక్కా పోయింది అనుకున్నాను. వెంకటరామయ్యగారు కలం జేబులో పెట్టుకున్నాడు. అయినా మనసొప్పక, మేస్త్రి వైపు తిరిగి అడిగాడు: "ఏమండీ, ఇన్నేళ్ళు మీ దగ్గరున్నాడు. ఇతనికి పని పూర్తిగా రావాలంటే ఇంకెంత కాలం పడుతుంది?"

మేస్త్రి, "నేను బిగిస్తా, సూడండి సార్" అన్నాడు. బావ భుజం వదిలేసి, జిన్నుల మీద చెయ్యి ఆనిస్తూ, ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ, చివరిదాకా పోయి మా అక్క జిన్ను దగ్గర ఆగాడు. పోయి పోయి అక్కడే ఎందుకు ఆగాడు, వేరే జిన్ను లేదా అని నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. జిన్ను ఆగేటట్టు బెల్టు తప్పించమన్నాడు. నడుముకున్న పానా తీసి వంగి బిగించాడు. ఇంకొంచెం బిగించాడు. బావ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. మేస్త్రి ఇంకా బిగించి, "నడుపు" అన్నాడు.

బెల్టు పడింది. రోలరు తిరిగింది. మొదట సన్నగా ఒక కీచు మొదలైంది. మా అక్క పత్తి అందిస్తూనే ఉంది. మేస్త్రి చెప్పందే జిన్ను ముందు నుంచి లేవకూడదు, అదొక నియమం. కీచు పెద్దదైంది. తరవాత తోలు కమురు వాసన.

"మేస్త్రీ" అన్నాడు బావ, "బిగువైంది."

"ఏమంటివి?"

"కత్తి బిగువైంది మేస్త్రీ. తోలు కాల్తాంది."

"నీకు తెల్సునా?"

బావ వెంకటరామయ్యగారి వైపు చూశాడు.

"తెల్సునా అని అడుగుతాండా. ఇప్పుడే గదా రాదంటివి, ఆ సారు ముందర!"

కత్తి కింద నుంచి పొగ దారంలా పైకి లేచింది. అక్క దగ్గింది. పొగ గొంతుకు తగిలి మళ్ళీ దగ్గింది. వంగిపోయింది. ఆమె ఒడి నిండా పత్తి, చుట్టూ పత్తి. నేను "అక్కా, లెయ్యి!" అని అరిచాను గానీ నా కాళ్ళు కదల్లేదు. కదిలింది బావ. ఒక్క దూకులో వచ్చి బెల్టు తోసేశాడు. అక్క రెక్క పట్టి ఇవతలికి లాగాడు. రాజుకుంటున్న దూది పింజను ఒట్టి చేతుల్తో నలిపేశాడు. మేస్త్రి చేతిలోంచి పానా గుంజుకున్నాడు.

"తెలుసు!" అని అరిచాడు. "నాకు తెలుసు! నాకొస్తాది పని! ఎప్పుటి నుంచో వస్తాది!"

ఆ అరుపుకు పత్తి అందించే ఆడవాళ్ళంతా చేతులాపేశారు. బావ ఏడుస్తూ కత్తి వదులు చేశాడు. చెవి ఆనించాడు, వేలితో తడిమాడు, మళ్ళీ కొంచెం బిగించాడు. తనే బెల్టు వేశాడు. జిన్ను మామూలుగా, నిదానంగా తిరిగింది. తెల్లటి దూది పొరగా దిగింది.

అప్పుడు తెలిసొచ్చింది అందరికీ. "మేస్త్రి చేతిలో పానా గుంజుకున్యాడు" అని ఎవరో గొణిగారు. బావ తన చేతిలో ఉన్నదాన్ని చూసుకున్నాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. వచ్చునని అన్నాడు, అదీ గురువు ముఖం మీద అన్నాడు, పనిముట్టు లాక్కున్నాడు. ఇక ఆదోనిలో ఈయన్ని గేటు లోపలికి రానిచ్చేవాడెవడు?

"ఎవురప్పా గుంజుకున్యాడనేది?" ఉచ్చీరప్ప మేస్త్రి గొంతు కప్పు దాకా పోయింది. "నేనిచ్చినా! నా సేత్తో నేనే ఇచ్చినా! అందురూ సూసినారు." తరవాత తలగుడ్డ సర్దుకుని, "సార్, ఇంగెంత కాలం పడతాదని అడిగితిరి గదా. అయిపోయింది. రాసుకోండి" అన్నాడు.

ఆ మాట ఆయన ఒక ఇనుప స్తంభానికి చెప్పాడు. వెంకటరామయ్యగారు దానికి ఇవతల, ఆయన వీపు వెనక నిలబడి ఉన్నాడు. తలుపు దగ్గరి సావుకారు ముసలాయన వైపు చాలాసేపు చూసి, లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమే మేస్త్రిని ఇంటికి పంపేశారు. మర్యాదగానే, శాలువా కప్పి మరీ పంపారు. కానీ పంపేశారు.

కాయితం కర్నూలు నుంచి వచ్చింది. వచ్చేదాకా నేను పోస్టు జవాను దారి కాచి కాచి చిక్కిపోయాను. బావ ఎమ్మిగనూరులో ఫిట్టరయ్యాడు, మిల్లు వెనక ఇంట్లో అక్క కాపురం పెట్టింది. దగ్గు పూర్తిగా పోలేదు. ఇప్పటికీ చలికాలం వస్తే నాకు భయమే. కానీ మనిషి మిగిలింది, మాట్లాడుతుంది, నన్ను తిడుతుంది. బావ తన చేతికింద ఎవరు చేరినా మొదటి రోజే, "వచ్చిన పని వచ్చునని సెప్పల్ల, సెప్పకుంటే తంతా" అనేవాడు. అదంతా తరవాతి సంగతి. ఎమ్మిగనూరుకు బయలుదేరే ముందురోజుది చెప్పాలి.

కాయితానికి ఎదురుచూసిన రోజులన్నీ బావ మేస్త్రి ఇంటి వైపు పోలేదు. ముఖం చెల్లలేదు. "గుంజుకున్యాను రా, గుంజుకున్యాను" అని కలవరించేవాడు. మేస్త్రి కౌతాళంలో ఉన్న కూతురి దగ్గరికి పోతున్నాడని తెలిసి, అక్క మా ఇద్దరినీ చేతులు పట్టి లాక్కుపోయింది. ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చక్కెర పొట్లం ఉంది. మేం మాట్లాడకముందే, "ఇన్నాళ్ళకు దారి దొరికిందా హుసేనూ?" అన్నాడు.

బావ ఆయన కాళ్ళ మీద పడ్డాడు. "తప్పయిపాయ మేస్త్రీ. గుంజుకుంటి."

"నాకు పోయింది కండ్లు, సేతులు కాదు. కత్తి యాడ దాకా ఆనల్లనో నా వేళ్ళకు తెలీదనుకుంటివా?"

బావ తలెత్తాడు. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు జలదరించింది.

"కావాలనే బిగించినావా?" అన్నాను.

"కావాలనే. ఒట్టి సేత్తో ఇస్తే వీడు తీసుకుంటాడా? నాకు కూడు పోతాదని ఏడుస్తాడు. నేను కూడా ఇయ్యలేకపోతినిలే. ఇస్తే ఇంటికి పోవల్ల, పోయి ఈ సీకట్లో కూసోవల్ల. బయమైతాండె నాకు. ఆ సారు ఎంత కాలమని అడిగినప్పుడు సిగ్గేసింది." మేస్త్రి పక్కనున్న చక్కెర పొట్లం తడిమాడు. "వేరే జిన్నయితే, అది కాలి బూడిదైనా వీడు నా సేతిలో పానా ముట్టడు. అందుకే భీమక్క జిన్ను కాడికి పోతి."

నాకు పిచ్చికోపం వచ్చింది. పెద్దవాడని కూడా చూడలేదు. "మా అక్కను నిప్పుల్లో కూసోబెట్టి పందెమాడినావా? దూది అంటుకుని ఉంటే? ఏం సేసుండువు?"

"బెల్టు తప్పించే కట్టె మీదనే ఉన్నింది నా ఎడమ సెయ్యి. వీడు కదలకుంటే నేనే తోసేటోణ్ణి" అన్నాడు మేస్త్రి.

నిజమో కాదో నాకు ఈనాటికీ తెలియదు. ఎంత గుర్తు తెచ్చుకున్నా ఆ రోజు ఆయన ఎడమ చెయ్యి ఎక్కడుందో నాకు గుర్తు రాదు. నిజంగానే చూపు ఆనక బిగించి, పరువు కోసం ఇట్లా కల్పించాడేమో కూడా. నేను ఇంకా ఏదో అనబోతుంటే అక్క చేత్తో ఆపింది. మంచం దగ్గరికి పోయింది. పోతూ పోతూ దగ్గింది.

"తగ్గినట్లుండాదే మ్మా" అన్నాడు మేస్త్రి, చెవి అటు పెట్టి. "అన్ని జిన్నులు మోగుతాన్నా నీ దగ్గు నాకు యేరేగా ఇనపడేది. పొద్దంతా లెక్కబెట్టుకుంటా కూసుంటాంటి."

పొట్లం విప్పి, వేళ్ళతో చక్కెర తీసుకుని, చెయ్యి గాల్లోకి చాపాడు. "ముందు నువ్వు తిను తల్లీ. వాని పానా నువ్వే ఇప్పిస్తివి." మా అక్క వంగి, ఆ చేతికి తన నోరు అందించింది.

తరవాత మళ్ళీ చక్కెర తీసుకున్నాడు. చెయ్యి బావ నెత్తి తడిమింది, చెంప తడిమింది, గడ్డం మీద తడి తగిలి ఒక్క క్షణం ఆగింది. నోరు దొరికాక చక్కెర పెట్టాడు.

"ఇప్పుడు సెప్పు. నీకు పని వస్తాదా?"

బావ చేతులు వెనక్కి పోబోయి ఆగాయి.

"వస్తాది మేస్త్రీ" అన్నాడు.